చీటీ తీశాక మొదలయ్యే నిరీక్షణ

అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో ఏటా మార్చి నెలాఖరుకి అటూ ఇటూగా ఒక రోజు వస్తుంది. మూడేళ్ల పిల్లలున్న ఇళ్లలో ఆ రోజు అందరి కళ్లూ ఈమెయిల్ మీదే ఉంటాయి. సర్కారు బడిలో ప్రీస్కూల్ సీటు వచ్చిందా, వస్తే ఏ బడిలో, రాకపోతే వెయిటింగ్ లిస్టులో ఎన్నో నంబరు అన్నది ఆ రోజే తేలుతుంది. సీటు వచ్చిన ఇంటికి వేల డాలర్ల డే కేర్ ఖర్చు తప్పుతుంది. రాని ఇంట్లో మరో ఏడాది అదే ఖర్చు మొయ్యాలి, లేదా ఇద్దరిలో ఒకరు ఉద్యోగం వదులుకోవాలి. ఒకే వీధిలో పక్కపక్కనే ఉన్న రెండిళ్ల దారులు ఆ రోజు విడిపోతాయి. విడదీసింది కంప్యూటరు ఇచ్చిన ఒక సంఖ్య.

ఉచితంగా పెట్టిన చిన్నపిల్లల బడిలో చోటు ఎవరికివ్వాలన్న ప్రశ్న మీద గత పాతికేళ్లలో ఆర్థికవేత్తలు, శిశు వికాస పరిశోధకులు, నగర పాలకులు చాలా కృషి చేశారు. లాటరీ గణితం ఇప్పుడు బాగా తేటపడింది. లాటరీ పుణ్యమా అని ప్రీస్కూల్ ఫలితాల మీద గట్టి పరిశోధనలూ వచ్చాయి. కానీ చీటీ తీసిన మర్నాటి నుంచి నడిచే వెయిటింగ్ లిస్టు మీద అంత శ్రద్ధ పెట్టలేదని నాకనిపిస్తుంది. న్యాయం జారిపోతున్నది ఎక్కువగా అక్కడే. ఈ వ్యాసంలో నా దృష్టి చివరికి అటే వెళుతుంది.

ముందు వాషింగ్టన్ సంగతి. 2008లో నగర కౌన్సిల్ ప్రీ-కె విస్తరణ చట్టం చేసింది. మూడు, నాలుగేళ్ల పిల్లలందరికీ చోటు కల్పించాలన్నది లక్ష్యం. అప్పటి కౌన్సిల్ అధ్యక్షుడు విన్సెంట్ గ్రే దాన్ని ముందుండి నడిపించారు, తర్వాత మేయరయ్యారు. ఇవాళ అమెరికాలో మూడేళ్ల పిల్లలకు ఇంత విస్తృతంగా ప్రభుత్వ ప్రీస్కూల్ అందిస్తున్న చోట్లు చాలా తక్కువ. దీని ఫలం పిల్లలకంటే ముందు తల్లుల జీవితాల్లో కనిపించింది. సెంటర్ ఫర్ అమెరికన్ ప్రోగ్రెస్ 2018లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, విస్తరణ మొదలయ్యాక చిన్నపిల్లల తల్లుల్లో ఉద్యోగం చేస్తున్న, వెతుక్కుంటున్న వారి వాటా దాదాపు 12 శాతం పాయింట్లు పెరిగింది. అందులో 10 పాయింట్ల దాకా ప్రీస్కూల్ వల్లనేనని అధ్యయనకర్త తేల్చారు.

ఇంత చేసిన నగరంలో కూడా ఒక మెలిక ఉంది. అయిదేళ్లు నిండి కిండర్‌గార్టెన్‌లో చేరే పిల్లకి తన పేట బడిలో సీటు హక్కు. ఏ రోజు వెళ్లినా చేర్చుకోవాలి. మూడేళ్ల, నాలుగేళ్ల తరగతులకు ఆ హక్కు లేదు. బడి ఎదురింట్లో ఉన్నవాళ్లయినా లాటరీకి దరఖాస్తు పెట్టుకోవాల్సిందే. పేటవాళ్లకు ప్రాధాన్యం ఉంటుంది, హామీ ఉండదు. పేద కుటుంబాలు ఎక్కువగా ఉన్న కొన్ని బళ్లలో మాత్రం గడువులోగా దరఖాస్తు చేసుకున్న పేటవాళ్లందరికీ చోటు ఖాయం చేశారు. నగరం వాయవ్యాన ఉన్న సంపన్న పేటల్లోనైతే చాలా బళ్లలో మూడేళ్ల తరగతే లేదు. ఒత్తిడంతా మధ్యలో ఉన్న పేటల మీద పడుతుంది. క్యాపిటల్ హిల్ లాంటి చోట్ల కొత్తగా కాపురాలు పెట్టిన జంటలు ఎక్కువ, బళ్లకి పేరుంది, గదులు అవే.

లెక్క ఎలా పడుతుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. మూడేళ్ల తరగతి గదికి 16 మంది పిల్లలు, ఇద్దరు పెద్దవాళ్లు. ఒక బడిలో అలాంటి గది ఒక్కటే ఉందనుకుందాం. పేట పరిధిలోనే ఉండి, అన్నో అక్కో అదే బడిలో చదువుతున్న పిల్లలు ముందు వరసలో ఉంటారు. వాళ్లు 9 మంది వచ్చారు. ఇక మిగిలినవి 7 సీట్లు. పేటలోనే ఉండి తోబుట్టువులు లేని పిల్లలు 20 మంది. ఇక్కడ లాటరీ నంబరు పనిచేస్తుంది, ఏడుగురికి సీటు, పదముగ్గురికి నిరీక్షణ. పేట బయట నుంచి వచ్చిన దరఖాస్తుల దాకా పంపకం వెళ్లనే వెళ్లదు. అంటే తొలి చూలు పిల్లల ఇళ్లే ఎప్పుడూ ఈ జూదంలో నిలబడతాయి. ఒకసారి గెలిస్తే తర్వాతి పిల్లలకు దారి సుగమం, ఓడితే, పెద్దపిల్ల కిండర్‌గార్టెన్‌కి ఆ బడిలో చేరేదాకా రెండో బిడ్డకీ ఆ ముందు వరస దొరకదు. తోబుట్టువులను ఒకే బడిలో ఉంచడం మంచి మాటే. పొద్దున్నే ఇద్దరు పిల్లల్ని రెండు దిక్కుల దింపి ఆఫీసుకి పరుగెత్తిన వాళ్లెవరూ కాదనలేరు. అయితే ఒక్క చీటీ ఫలితం ఇంటిల్లిపాదికీ ఏళ్ల తరబడి వర్తిస్తోందని గుర్తుపెట్టుకోవాలి.

2014-15 విద్యా సంవత్సరానికి ముందు పరిస్థితి ఇంకా గజిబిజి. సర్కారు డబ్బుతో స్వతంత్రంగా నడిచే చార్టర్ బళ్లు ఎవరి లాటరీ వాళ్లు వేసుకునేవి, నగర బళ్లది వేరే లాటరీ. ఒకే పిల్లకి నాలుగు చోట్ల సీటొస్తే తల్లిదండ్రులు ఏదీ వదలకుండా పట్టుకునేవారు. బడి తెరిచాక ఖాళీలు బయటపడేవి, అప్పుడు ఒక బడి నుంచి ఇంకో బడికి పిల్లల వలస. ‘మై స్కూల్ డీసీ’ పేరుతో ఉమ్మడి లాటరీ వచ్చాక ఒకే దరఖాస్తులో 12 బళ్ల దాకా ఇష్టమైన వరసలో రాసుకోవచ్చు. ఒక పిల్లకి ఒకే సీటు. డిసెంబరు మధ్యలో తెరిచి మార్చి మొదట్లో మూసేదాకా ఎప్పుడు పెట్టినా ఒకటే, ముందొచ్చినవారికి ముందన్న మాట లేదు. అర్ధరాత్రి నుంచి బడి గేటు ముందు చాపలు పరుచుకుని కూర్చునే దృశ్యం హైదరాబాదులో, విజయవాడలో కొన్ని ప్రైవేటు స్కూళ్ల దగ్గర మనమూ చూసినదే. ఆ క్యూలో నిలబడగలిగేది సెలవు పెట్టగలవాడు. దాన్ని తీసేసినందుకు ఉమ్మడి లాటరీకి దండం పెట్టాలి.

ఈ లాటరీల వెనకున్న గణితం 1962 నాటిది. డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అనే ఇద్దరు గణితవేత్తలు కాలేజీ ప్రవేశాల మీద, పెళ్లి సంబంధాల మీద ఒక చిన్న వ్యాసం రాశారు. ప్రతి అభ్యర్థీ తనకు బాగా నచ్చిన చోట ముందు అడుగుతాడు. ఆ చోటు తాత్కాలికంగా ఒప్పుకుంటుంది గాని, ఇంకా ముందు వరసవాడొస్తే ఇతన్ని పంపేస్తుంది. అతను తన రెండో కోరిక దగ్గరికి వెళతాడు. అందరూ స్థిరపడేదాకా ఇది సాగుతుంది. రెండో చోట అడగడానికి ఆలస్యంగా వచ్చాడన్న కారణంతో అక్కడ అతన్ని ఎవరూ వెనక్కి నెట్టరు. అందులోనే దాని గొప్పతనం ఉంది. 2003లో అతీలా అబ్దుల్‌కదిరోగ్లు, తైఫున్ సోన్మెజ్ దీన్ని బడి సీట్ల పంపకానికి అన్వయించి చూపారు. ఈ దారిలో పనిచేసిన ఆల్విన్ రోత్‌కీ, షాప్లీకీ 2012లో ఆర్థికశాస్త్ర నోబెల్ దక్కింది.

అంతకుముందు బోస్టన్ నగరం వాడిన పద్ధతి చూస్తే ఈ మార్పు విలువ అర్థమవుతుంది. అక్కడ ఒక బడిని మొదటి కోరికగా రాసిన వాళ్లందరినీ చూశాకే రెండో కోరికగా రాసినవాళ్ల సంగతి చూసేవారు. గిరాకీ ఉన్న బడిని మొదట రాసి ఓడిన ఇంటికి, రెండోది రాసిన చోట సీట్లు అప్పటికే అయిపోయేవి. కిటుకు తెలిసిన వాళ్లు మనసులో ఉన్నది రాయకుండా, వచ్చేది రాసేవారు. కొందరు తల్లిదండ్రులు సంఘంగా ఏర్పడి ఈ ఎత్తుగడలు ఒకరికొకరు నేర్పుకునేవారు. రెండు ఉద్యోగాలు చేసే తల్లి, ఇంగ్లీషు సరిగా రాని వలస కుటుంబం మాత్రం నిజమే రాసి నష్టపోయేవి. 2005లో బోస్టన్ ఆ పద్ధతిని వదిలేసి గేల్-షాప్లీ దారిలోకి వచ్చింది. ఇప్పుడు మనసులో ఉన్న వరసే రాయమని అధికారులు ధైర్యంగా చెప్పగలుగుతున్నారు. వాషింగ్టన్‌లో పన్నెండే రాయాలన్న పరిమితి వల్ల ఆ మాటకి చిన్న మినహాయింపు ఉంది, ఎక్కువ కుటుంబాలకు అది తగలదు.

బోస్టన్ దగ్గరే ఇంకో సంగతి ఉంది. పేట కుటుంబాల హక్కు గురించి నేను చదివిన వాటిలో ఇంతగా కళ్లు తెరిపించింది లేదు. ఆ నగరం ప్రతి బడిలో సగం సీట్లు నడిచి వచ్చే దూరంలోని పిల్లలకి కేటాయించింది. మిగతా సగం అందరికీ. పేటవాళ్లు సగం మా చేతిలో ఉందని నమ్మారు, దూరపువాళ్లు సగం మాకు దక్కకుండా పోయిందని బాధపడ్డారు. ఏళ్ల తరబడి సభల్లో దీని మీదే వాదనలు. తీరా పరిశోధకులు లెక్క తిరగేసి చూస్తే, ఆ కేటాయింపు అసలు లేకపోయినా ఫలితం దాదాపు అంతే ఉండేదని తేలింది. కారణం సీట్లు నింపే వరసలో ఉంది. ముందు పేట సగం నింపేవారు. మంచి లాటరీ నంబర్లున్న పేట పిల్లలు అక్కడే సర్దుకుపోయేవారు. ఇక సార్వత్రిక సగానికి వచ్చేసరికి పేట తరఫున మిగిలింది వెనకబడ్డ నంబర్లవాళ్లే, దూరపు పిల్లలు సులువుగా గెలిచేవారు. సార్వత్రిక సగం ముందు నింపి ఉంటే కథ తారుమారయ్యేది. మన రిజర్వేషన్ల చర్చ తెలిసినవారికి ఇది కొత్త కాదు, ఓపెన్ కేటగిరీ ముందు నింపాలా తర్వాతా అన్నది మన కోర్టులు దశాబ్దాలుగా విచారిస్తున్న విషయమే. 2013లో బోస్టన్ బడుల కమిటీ నడక దూరపు ప్రాధాన్యాన్ని ఎత్తేసింది. కాగితం మీద ఎంత శాతం అని మాత్రమే అడిగి, ఏ వరసలో అని అడగని వాళ్లు మోసపోతారు. కావాలని ఎవరూ చేయకపోయినా.

మరి పేటవాళ్లకి ప్రాధాన్యం ఇవ్వడం సబబేనా? మూడేళ్ల పిల్లని నడిపించుకుంటూ బడికి తీసుకెళ్లడం, సాయంత్రం అదే పార్కులో తరగతి పిల్లలతో ఆడించడం, ఆ బడి బాగుకోసం పేటంతా పూనుకోవడం, ఇవన్నీ నిజమైన విలువలే. మరోవైపు హద్దు గీత లోపల ఇల్లు కొనడానికి ఎంత కావాలో కూడా చూడాలి. మంచి బడి పరిధిలో ఇంటి ధర పెరుగుతుంది, అంటే ఉచిత సీటుకి రుసుము ఇంటి ధరలో కలిసిపోతుంది. వాషింగ్టన్ బడుల హద్దులను 1960ల తర్వాత సమగ్రంగా తిరగరాసింది 2014లోనే. నాలుగు దశాబ్దాలకు పైగా నల్ల, తెల్ల జాతుల పేటల మధ్య పాత గీతలే పిల్లల బడిని నిర్ణయించాయి. చార్టర్ బళ్లు మాత్రం సాధారణంగా పేట ప్రాధాన్యం లేకుండా నగరమంతటికీ తలుపు తెరుస్తాయి. ఇటీవలి ఏళ్లలో ఇల్లు లేని పిల్లలకు, ఫుడ్ స్టాంపులు అందుకునే కుటుంబాల పిల్లలకు కొన్ని బళ్లు విడిగా సీట్లు ఉంచుతున్నాయి. నా మట్టుకు పేట ప్రాధాన్యం ఉండాలి, దాని పక్కన ఈ విడి సీట్లూ ఉండాలి. ఇల్లు కొనగల శక్తి మూడేళ్ల పిల్ల అర్హత కాకూడదు.

లాటరీ వల్ల పరిశోధకులకు ఒక మేలు జరిగింది. సీటొచ్చిన పిల్లలకీ రాని పిల్లలకీ మధ్య తేడా అదృష్టమే కాబట్టి ప్రీస్కూల్ ప్రభావాన్ని సూటిగా కొలవొచ్చు. బోస్టన్‌లో 1997 నుంచి 2003 వరకు దరఖాస్తు చేసిన 4,000 పైచిలుకు పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనించిన అధ్యయనంలో, సీటొచ్చిన వాళ్లు హైస్కూలు ముగియగానే కాలేజీలో చేరడం 8 శాతం పాయింట్లు ఎక్కువ. క్రమశిక్షణ సమస్యలు తక్కువ. పరీక్ష మార్కుల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. టెనెసీ రాష్ట్రంలో 2,990 మంది పిల్లల మీద జరిగిన అధ్యయనం దీనికి ఎదురు తిరిగింది. 2022లో వెలువడిన ఫలితాల ప్రకారం సీటొచ్చిన పిల్లలే ఆరో తరగతి నాటికి మార్కుల్లోనూ నడవడిలోనూ వెనకబడ్డారు. ఈ రెండింటినీ కలిపి చదివితే నాకర్థమయ్యేది, సీటు దక్కడం సగమే, గదిలో ఆ పిల్లకి రోజంతా ఏం జరుగుతోందన్నది మిగతా సగం. సీట్ల సంఖ్య పెంచే తొందరలో ఇది మరుగునపడుతుంది. న్యూయార్క్ నగరం 2014లో మేయర్ బిల్ డి బ్లాసియో హయాంలో నాలుగేళ్ల పిల్లల పూర్తి రోజు సీట్లను రెండేళ్లలోనే దాదాపు 20,000 నుంచి దాదాపు 70,000కు పెంచింది. నాలుగేళ్ల పిల్లలకి సీటు దొరకడమన్న ఆందోళన అక్కడ చాలా మటుకు తగ్గింది, ఇంటికి దగ్గర సీటు అన్నది మిగిలింది. చోట్లు సరిపడా పెడితే చీటీ దానంతటదే చిన్నదవుతుందనడానికి ఇది సాక్ష్యం.

ఇక వెయిటింగ్ లిస్టు. వాషింగ్టన్‌లో పిల్లకి నాలుగో కోరిక బడిలో సీటొస్తే, పైనున్న మూడు బళ్లలో వెయిటింగ్ లిస్టు మీద పేరుంటుంది, కిందివి రద్దవుతాయి. ఏ బడిలోనూ రాకపోతే రాసిన పన్నెండింట్లోనూ పేరుంటుంది. కాబట్టి పత్రికల్లో ఫలానా బడికి వందల మంది నిరీక్షణలో ఉన్నారని వచ్చే అంకెను జాగ్రత్తగా చదవాలి. ఒకే పిల్ల అనేక జాబితాల్లో కనపడుతుంది. జాబితాలన్నీ కలిపి కూడితే దరఖాస్తు చేసిన పిల్లలకంటే నిరీక్షకులే ఎక్కువైపోతారు. తమ నంబరు 5 అయితే అయిదు ఖాళీలు రావాలని తల్లిదండ్రులు అనుకుంటారు. ముందున్న నలుగురిలో ముగ్గురికి వేరే చోట నచ్చిన సీటు ఉండొచ్చు, అప్పుడు రెండు ఖాళీలతోనే ఫోన్ వస్తుంది. 5 వెనక్కి జరిగి 7 కూడా కావచ్చు. తర్వాత వచ్చిన కుటుంబానికి పేట ప్రాధాన్యమో తోబుట్టువు ప్రాధాన్యమో ఉంటే వాళ్లు పైన చేరతారు. నిబంధన ప్రకారం అది సరైనదే. చెప్పేవాళ్లు లేకపోతే మాత్రం ఎవరో పలుకుబడి వాడారనిపిస్తుంది.

ఏప్రిల్ నుంచి అక్టోబరు మొదటివారం దాకా ఈ జాబితాలు కదులుతూనే ఉంటాయి. ఒక కుటుంబం ఊరు మారితే ఒక ఖాళీ, ఆ ఖాళీకి వెళ్లిన పిల్ల వదిలిన చోట ఇంకో ఖాళీ, అలా గొలుసు. జోరుగా కదిలేది ఆగస్టులో. ఫోన్ వచ్చాక ఇచ్చిన గడువులోగా జవాబివ్వాలి. ఇక్కడ లాటరీ నేర్పిన సమానత్వం ఆగిపోతుంది. డే కేర్‌లో ముందుగా కట్టిన డిపాజిట్ పోయినా ఫర్వాలేదనుకునే ఇల్లు ఆగస్టు దాకా ఓపిక పట్టగలదు. ఆ డబ్బు వదులుకోలేని ఇల్లు మేలోనే దొరికిన దాంతో సర్దుకుంటుంది. పనివేళల్లో ఫోన్ ఎత్తలేని హోటల్ ఉద్యోగి, నెలకోసారి నంబరు మార్చే ప్రీపెయిడ్ ఫోన్ వాడే తల్లి, మధ్యలో ఇల్లు ఖాళీ చేయాల్సొచ్చిన కుటుంబం, వీళ్లు జాబితాలో ఉండి కూడా సీటు పోగొట్టుకోగలరు. వాళ్ల నంబరులో తప్పేమీ లేదు.

నగరంలో నమ్మకం దెబ్బతిన్న సందర్భాలూ లాటరీ రోజున పుట్టలేదు. నగర బళ్ల అధిపతిగా పనిచేసిన మాజీ ఛాన్సలర్ కొందరు పలుకుబడి ఉన్నవారి పిల్లలకి లాటరీతో పనిలేకుండా సీట్లిచ్చారని 2017లో ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక తేల్చింది. అధికారుల కోసం అలాంటి వెసులుబాటు ఉండకూడదని తర్వాతి ఛాన్సలర్ ఆంట్వాన్ విల్సన్ ఆ ఏడాదే నిబంధన తెచ్చారు. కొన్ని నెలలకే ఆయన కూతురు వందల మంది నిరీక్షిస్తున్న హైస్కూలుకి నేరుగా మారిందని బయటపడింది. 2018 ఫిబ్రవరిలో ఆయన రాజీనామా చేశారు. విద్యా వ్యవహారాల డిప్యూటీ మేయర్ కూడా వెళ్లిపోయారు. అది ప్రీస్కూల్ కాదు, హైస్కూలు. కానీ మూడేళ్ల పిల్లతో నంబరు 13 దగ్గర నిలబడ్డ తండ్రికి ఆ తేడా ఊరటనివ్వదు. కంప్యూటరు ముందు అందరూ ఒకటే, ఆ తర్వాత చేత్తో నడిచే బదిలీల దగ్గర మనిషికి చోటు దొరుకుతుంది.

పొటోమాక్ నది దాటితే వర్జీనియా. లౌడన్, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీల్లో మన తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉంటాయి. అక్కడ మూడేళ్ల పిల్లలందరికీ ఉచిత ప్రీస్కూల్ అన్న మాట లేదు. రాష్ట్రం నడిపే కార్యక్రమం ప్రధానంగా అవసరం ఎక్కువున్న నాలుగేళ్ల పిల్లల కోసం. ఆ ఖాళీని అమ్మమ్మలు, నానమ్మలు పూడుస్తారు. ఆర్నెల్ల విజిటర్ వీసా మీద వచ్చి మనవణ్ణి చూసుకుని, వాళ్లు తిరిగి వెళ్లే వేళకి అవతలి తాతామామ్మలు దిగుతారు. రెండు వియ్యపు ఇళ్ల క్యాలెండర్ మీద నడిచే ప్రీస్కూల్ అది. ఎవరి లెక్కల్లోకీ రాని శ్రమ.

మన రాష్ట్రాల్లో ఈ ప్రశ్న ఇంకో రూపంలో ఉంది. 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ కింద నడిచే అంగన్‌వాడీకి చీటీ లేదు, వెయిటింగ్ లిస్టు లేదు. వీధిలో పిల్లలెవరైనా వెళ్లొచ్చు. వాషింగ్టన్ పేటవాళ్లు కోరుకుంటున్న హామీ మన దగ్గర యాభై ఏళ్లుగా ఉంది. కొరత చదువు దగ్గర ఉంది. ఒకే కార్యకర్త గుడ్లు పంచాలి, బరువు తూచాలి, రిజిస్టర్లు రాయాలి, సర్వేలకి తిరగాలి, మధ్యలో పాట నేర్పాలి. అందుకే తల్లిదండ్రులు అప్పు చేసైనా ప్రైవేటు నర్సరీ వైపు చూస్తారు. చీటీ అక్కడ ఎదురవుతుంది. విద్యాహక్కు చట్టం సెక్షన్ 12(1)(సి) ప్రకారం ప్రైవేటు బళ్లలో 25 శాతం సీట్లు పేద, వెనకబడిన కుటుంబాల పిల్లలకివ్వాలి, ప్రీస్కూల్ ఉన్న బడికి అక్కడి నుంచే వర్తించాలి. ఆంధ్రప్రదేశ్ 2022-23 నుంచి ఒకటో తరగతికి ఆన్‌లైన్ లాటరీతో అమలు మొదలుపెట్టింది. అనాథలు, దివ్యాంగులు, హెచ్‌ఐవీ బాధిత కుటుంబాల పిల్లలకు 5 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 4, ఇతర బలహీన వర్గాలకు 6 చొప్పున పంచింది. తెలంగాణలో ఈ సెక్షన్ ఏళ్ల తరబడి హైకోర్టు చుట్టూ తిరిగింది. లాటరీలో పేరొచ్చిన పిల్లని బడి ఏదో వంకతో తిప్పి పంపడం, ఫీజుల చెల్లింపు మీద గొడవ, సీటొచ్చిందన్న ఎస్సెమ్మెస్ చేతిలో పట్టుకుని తల్లి మండల విద్యాధికారి చుట్టూ తిరగడం, ఇవీ చీటీ తీశాకే మొదలవుతాయి. కేంద్రీయ విద్యాలయాల్లో 2022-23 నుంచి వచ్చిన బాలవాటిక అనే ప్రీస్కూల్ తరగతుల్లోనూ లాటరీయే. అక్కడ బదిలీ ఉద్యోగుల పిల్లలు ముందు వరస, గేటు పక్కన ఇల్లున్నవాళ్లు చివరి వరస.

చేయాల్సినవి పెద్ద పనులేమీ కావు. జాబితాలో ప్రతి కదలికకీ కారణం తల్లిదండ్రులకి కనపడేలా రాయాలి, ముందుకు జరిగినా వెనక్కి జరిగినా. గత ఏడాది ఆ బడిలో ఎన్నో నంబరు దాకా పిలుపు వెళ్లిందో దరఖాస్తుకు ముందే చెప్పాలి. ఒక ఫోనుకి జవాబు రాలేదని పేరు కొట్టేయకుండా, ఇంకో నంబరుకి, ఇంకో భాషలో, సాయంత్రం వేళ ఇంకోసారి ప్రయత్నించాలి. బదిలీ పేరుతో జాబితా దాటి ఇచ్చిన ప్రతి సీటునీ పిల్ల పేరు చెప్పకుండా లెక్కగా ప్రకటించాలి. వీటితో పాటు పేటలో మూడేళ్ల పిల్లలెందరో జనన నమోదుల నుంచి ముందే తెలుస్తుంది కాబట్టి రెండేళ్ల ముందే గదులు లెక్కేసుకోవాలి.

అక్టోబరు మొదట్లో వాషింగ్టన్ బళ్లు పిల్లల తలలు లెక్కపెడతాయి, బడ్జెట్ ఆ లెక్క మీద ఆధారపడుతుంది. అప్పటికి పిలుపు రాని పిల్లల జాబితాలు అక్కడితో ముగుస్తాయి. మరుసటి ఏడాదికి నంబరు కొనసాగదు. డిసెంబరులో కొత్త దరఖాస్తు, కొత్త లాటరీ నంబరు. ఈసారి నాలుగేళ్ల తరగతికి. మన ఊహా బడిలో మూడేళ్ల తరగతిలో కిందటేడు చేరిన పదహారు మందికీ అదే బడిలో కొనసాగే వీలుంది. 20 మంది పట్టే నాలుగేళ్ల గదిలో కొత్తగా మిగిలేవి నాలుగు. పేటలో సీటు రాని పదముగ్గురు మళ్లీ ఆ నాలుగింటి కోసం, 12 బళ్ల పేర్లు వరసగా రాయడం మొదలుపెడతారు.